ఏ రేజర్ ఎవరికి వీలు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అందిన ప్రశ్నల్లో సగానికి పైగా రేజర్ల గురించినవే. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: రోజూ ఉదయాన్నే ఆఫీసుకు పరుగు. గడ్డానికి ఐదారు నిమిషాలకు మించి కేటాయించలేను. వాడి పారేసే రేజర్, కార్ట్రిడ్జ్ రేజర్, పాతకాలం సేఫ్టీ రేజర్, ఎలక్ట్రిక్ షేవర్... వీటిలో ఏది సౌకర్యం?

అద్దం ముందు గడిపే సమయం ఒక్కటే లెక్కేస్తే ఎలక్ట్రిక్ షేవరే ముందుంటుంది. నీళ్లు, నురగ, తువ్వాలు ఏవీ అక్కర్లేదు. రోజూ గీసుకునేవారికి మూడు నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది. అయితే అద్దం ముందు కనిపించని చాకిరీ కొంత ఉంది. ఛార్జింగ్ చూసుకోవాలి, తల భాగాన్ని విప్పి శుభ్రం చేయాలి, ఏడాదికో రెండేళ్లకో ఫాయిల్ (పైనుండే చిల్లుల రేకు), కట్టర్ (దాని కింద ఆడే కత్తి) మార్చాలి. చర్మానికీ కత్తికీ మధ్య పలచటి లోహపు రేకు అడ్డంగా ఉంటుంది కాబట్టి బ్లేడు చేసినంత నున్నగా ఇది చేయలేదు. సాయంత్రానికి చెంప మీద చెయ్యి వేస్తే గరుకు తెలుస్తుంది. దానితో మీకు పేచీ లేకపోతే, అదీ రోజూ గీసుకునే అలవాటుంటే, ఇదే కొనుక్కోండి. మూడు రోజులకోసారి గీసుకునేవారికి మాత్రం ఇది సౌకర్యం కాదు, శిక్ష. ఎందుకో కింద ఇంకో జవాబులో చెప్పాం.

కార్ట్రిడ్జ్ రేజర్ గొప్పతనమంతా దాని మెడలో ఉంది. ముఖం వంపును బట్టి తల అటూ ఇటూ వాలుతుంది కాబట్టి బ్లేడు ఏ కోణంలో ఆనాలో మీరు ఆలోచించనక్కర్లేదు. నిద్రమత్తులో గీసుకున్నా పెద్దగా గాట్లు పడవు. తల మార్చడం ఒక్క నొక్కుతో అయిపోతుంది. మొదటిరోజు నుంచే చేతికి లొంగే రేజర్ ఇదొక్కటే. ఖర్చు అసలు రేజర్‌లో ఉండదు, తర్వాత కొంటూ ఉండాల్సిన తలల్లో ఉంటుంది.

సేఫ్టీ రేజర్‌కు రెండు మూడు వారాలు నేర్చుకునే కాలం ఇవ్వాలి. ఆ రోజుల్లో పది పన్నెండు నిమిషాలు పడుతుంది. చెయ్యి తిరిగాక ఒక్క విడత గీత ఐదారు నిమిషాల్లో ముగుస్తుంది. బ్లేడు చాలా చవక, ఇరుకు సందులు లేవు కాబట్టి వెంట్రుకలు చిక్కుకోవు, రెండువైపులా అంచు ఉంటుంది కాబట్టి మాటిమాటికీ కడగనక్కర్లేదు. వాడి పారేసేది మాత్రం సంచిలో అత్యవసరానికి ఉంచుకోవాల్సిన వస్తువు. అది మరీ తేలిక. బరువు లేకపోతే చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది, ఆ నొక్కుడుకే మంట పుడుతుంది.

మీ ఐదారు నిమిషాల లెక్కకు కార్ట్రిడ్జ్ గానీ, ఎలక్ట్రిక్ గానీ సరిపోతుంది. బ్లేడు వైపే మొగ్గితే స్నానం అయిన వెంటనే గీసుకోండి. వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలు కావాలి. ఆ పని స్నానంలోనే అయిపోతుంది కాబట్టి విడిగా సమయం పెట్టక్కర్లేదు. పొడి గడ్డం మీద నురగ రాసి వెంటనే బ్లేడు పెట్టేవాళ్లు మిగిల్చుకునే రెండు నిమిషాలూ ఆ తర్వాత మంటకు మందు రాసుకోవడానికే పోతాయి.

ప్రశ్న: కార్ట్రిడ్జ్ వదిలి సేఫ్టీ రేజర్ కొన్నాను. చెంపల మీద బాగానే వస్తోంది గానీ దవడ అంచున, గొంతు కింద రోజూ గాట్లే. లోపం రేజర్‌దా, నాదా?

చాలావరకు ఇది కోణం, నొక్కుడు, బ్లేడు బిగింపు... ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పడం వల్ల వస్తుంది. బిగింపుతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ వదిలేసేది దాన్నే.

మీది మూడు ముక్కలుగా విడిపోయే రకం అనుకుందాం. పైమూతను బోర్లించి అరచేతిలో పెట్టుకోండి. బ్లేడును పదును లేని పొట్టి అంచుల దగ్గర పట్టుకుని మూత పిన్నుల మీద కూర్చోబెట్టండి. దాని మీద అడుగుపలక పెట్టి, పొట్టి అంచుల వైపు నుంచే రెండు వేళ్లతో గట్టిగా అదిమి, పిడి తిప్పి బిగించండి. ఇప్పుడు రేజర్‌ను వెలుతురుకు ఎదురుగా కంటి ఎత్తులో పట్టుకుని రెండువైపులా చూడండి. బ్లేడు అంచు మూత కింది నుంచి రెండు పక్కలా సమానంగా బయటికి కనిపించాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటే వంకరగా కూర్చున్నట్టు. ఆ ఎక్కువ ఉన్న పక్కే మిమ్మల్ని కోస్తోంది. విప్పి మళ్లీ బిగించండి. వదులుగా ఉన్నా ప్రమాదమే. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు మాత్రమే. సరిగా అదిమి పట్టకపోతే వెంట్రుక తగిలినప్పుడల్లా అంచు వణుకుతుంది.

ఇక కోణం. రేజర్ మూతను చెంపకు ఆనించి, పిడిని నేలకు సమాంతరంగా పట్టుకోండి. ఈ స్థితిలో బ్లేడు చర్మాన్ని తాకదు. పిడిని కొద్దికొద్దిగా కిందికి దించుతూ గీత మొదలుపెట్టండి. ఎక్కడ వెంట్రుకలు తెగుతున్న కరకర వినిపిస్తుందో అక్కడ ఆపండి. బ్లేడుకూ చర్మానికీ మధ్య అది సుమారు 30 డిగ్రీలు. ఇంకా కిందికి దించితే అంచు చర్మాన్ని గోకుతుంది. చెంప బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఒకసారి కుదిరిన కోణం చివరిదాకా నిలుస్తుంది. దవడ దగ్గర ఎముక మలుపు తిరుగుతుంది. చెయ్యి మాత్రం పాత కోణంలోనే కిందికి వస్తుంది. మీ గాట్లకు అసలు కారణం ఇదే కావచ్చు. పొడవాటి గీతలు మానేసి రెండు మూడు సెంటీమీటర్ల పొట్టి గీతలు వేయండి. దవడ కింది చర్మాన్ని రెండో చేత్తో పైకి లాగి, ఎముక మీదికి రప్పించి, ఆ చదునైన చోట గీయండి.

నొక్కకండి. లోహపు సేఫ్టీ రేజర్లు చాలావరకు 70 నుంచి 110 గ్రాములుంటాయి, ఆ బరువే చాలు. పిడిని కింది కొస దగ్గర, వేళ్ల కొసలతో పట్టుకుంటే నొక్కాలన్నా కుదరదు. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చినవారికి అక్కడి నొక్కే అలవాటు కొన్నాళ్లు చేతిని వదలదు. రేజర్‌ను పక్కకు, అంటే అంచు పొడవు వెంట, ఎప్పుడూ జరపకండి. అలా జరిగిందంటే కూరగాయ కోసినట్టు కోస్తుంది.

గొంతు సంగతి వేరు. అక్కడ వెంట్రుకల వాలు చెంప మీది వాలులా ఉండదు. కొందరికి పక్కకు, కొందరికి పైకి, కొందరికి సుడి తిరిగి ఉంటుంది. ఒకరోజు గీసుకోకుండా వదిలేసి, పొడి వేళ్లతో నాలుగు వైపులా నిమిరి చూడండి. ఎటు నిమిరితే నున్నగా అనిపిస్తుందో అదే వాలు. మొదటి విడత వాలు వెంట. కావాలంటే మళ్లీ నురగ రాసి రెండో విడత అడ్డంగా. ఎదురు గీత మొదటి నెలలో జోలికి పోవద్దు, గొంతు మీద అసలు మానేసినా నష్టం లేదు. కంఠమణి మీద నేరుగా గీయకుండా చర్మాన్ని ఒక పక్కకు లాగి, పక్కన చదునుగా ఉన్నచోట గీసి వదలండి.

ఇవన్నీ సరిచేసుకున్నా ఇబ్బంది తగ్గకపోతే అప్పుడు బ్లేడు మార్చి చూడండి. అన్ని బ్లేడ్ల పదును, పూత ఒకేలా ఉండవు. ఒకరికి నప్పింది ఇంకొకరికి నప్పదు. రెండు మూడు రకాలు తెచ్చి, రేజర్, సబ్బు మార్చకుండా ఒక్కో రకం వారంపాటు వాడితే తేడా తెలుస్తుంది. రేజర్ తల విషయానికొస్తే దువ్వెన పళ్లలాంటి అంచున్నవి ఎక్కువ పెరిగిన గడ్డానికి. మీకు నిండు కడ్డీ ఉన్న మెత్తటి రకమే మేలు. గాటు పడినచోట చల్లటి నీళ్లతో కడిగి, తడిపిన పటికను కొన్ని సెకన్లు అదిమి ఉంచితే రక్తం ఆగుతుంది.

ప్రశ్న: బ్లేడ్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిదని ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వాడుతున్నాను. గడ్డం నున్నగా వస్తోంది. కానీ రెండు మూడు రోజులకు గొంతు మీద ఎర్రటి పొక్కులు, వాటిలో చుట్టుకున్న వెంట్రుకలు. నాది ఉంగరాల జుట్టు. ఏం చేయాలి?

ఆ నున్నదనమే మీ పొక్కులకు కారణం. జిలెట్ సంస్థ 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ తెచ్చింది, 1998లో మూడు. 2003లో షిక్ సంస్థ నాలుగు బ్లేడ్లది తెస్తే, 2006లో జిలెట్ ఐదుకు చేరింది. అన్నింటి సూత్రమూ ఒకటే. ముందు బ్లేడు వెంట్రుకను కోస్తూనే కొంచెం పైకి లాగుతుంది. అది వెనక్కి కుంగేలోపు తర్వాతి బ్లేడు ఇంకా కింద కోస్తుంది. చివరికి తెగిన కొస చర్మం మట్టానికి కిందికి జారుకుంటుంది. తిన్నని వెంట్రుకైతే మళ్లీ పుట్టిన దారినే పైకి వస్తుంది. ఉంగరాల వెంట్రుక వంకర తిరిగి లోపలే చర్మాన్ని పొడుచుకుంటుంది, లేదా బయటికి వచ్చి మళ్లీ చర్మంలోకి దిగుతుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే భావించి వాచిపోతుంది.

ముందు పొక్కులు తగ్గేదాకా గీసుకోవడం ఆపండి. మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. మరీ తప్పనిసరైతే ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు మిగిల్చి కత్తిరించుకోండి. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డను రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు వేసి ఉంచితే చిక్కుకున్న కొసలు కొన్ని వాటంతటవే బయటపడతాయి. వెంట్రుకను పీకవద్దు, పీకితే తర్వాత పుట్టేదీ లోపలే చుట్టుకునే అవకాశం ఉంది. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఒక్క బ్లేడు రేజర్ వాడండి, వాలు వెంట ఒక్క విడతే గీయండి. పై జవాబులో చర్మం లాగమన్నాం కదా, మీరు మాత్రం లాగకండి. బిగుతుగా లాగి గీస్తే వదిలాక తెగిన కొస లోపలికి పోతుంది. చీము పట్టినా, నల్ల మచ్చలు, గట్టి గడ్డలు కడుతున్నా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. నున్నటి గడ్డమే కావాలని పట్టుబడితే ఈ బాధకు రేజర్‌లో పరిష్కారం లేదు. చెంప మీద చెయ్యి వేస్తే కాస్త గరుకు తగిలేలా ఉంచుకోవడమే మీకు మంచి షేవింగ్.

ప్రశ్న: కార్ట్రిడ్జ్ బ్లేడ్ల మధ్య వెంట్రుకలు, సబ్బు ఇరుక్కుపోయి నాలుగు గీతలకే పని చేయడం మానేస్తోంది. సింకు అంచుకు కొట్టి దులుపుతున్నాను.

కొట్టవద్దు, అంచు దెబ్బతింటుంది, తలను పట్టి ఉంచే మెడా వదులవుతుంది. కుళాయి నీటిని బ్లేడ్ల వెనక వైపు నుంచి పోనివ్వండి, ఇరుక్కున్నది వచ్చిన దారినే బయటికి పోతుంది. గడ్డం మూడు రోజులకు మించి పెరిగితే ముందు ట్రిమ్మర్‌తో పొట్టి చేసుకోండి. నురగ మందంగా పూయడం కూడా కారణమే. పలచగా, తడిగా ఉంటే చాలు. ఉప్పునీళ్లున్నచోట సబ్బు నురగ రాకుండా పెరుగు తరకల్లా అవుతుంది, అది సందుల్లో పేరుకుంటుంది. అలాంటప్పుడు సబ్బుకు బదులు జెల్ మేలు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ షేవర్ కొన్నాను. చెంపలు పరవాలేదు, గొంతు మీద పదిసార్లు తిప్పినా వెంట్రుకలు మిగులుతున్నాయి. పైగా మంట. ఫాయిల్ రకానికీ, గుండ్రటి తలల రకానికీ తేడా ఏమిటి?

ఫాయిల్ రకంలో సన్నటి చిల్లుల రేకు కింద కత్తి అటూ ఇటూ వేగంగా ఆడుతుంది. తిన్నని గీతల్లో, వాలుకు ఎదురుగా, తలను చర్మానికి నిట్టనిలువుగా పెట్టి జరపాలి. రోజూ గీసుకునేవారికి, వాలు ఒకేవైపు ఉన్నవారికి ఇది బాగుంటుంది. గుండ్రటి తలల రకాన్ని ఫిలిప్స్ సంస్థ 1939లో తెచ్చింది. ఇందులో కత్తి గిరగిరా తిరుగుతుంది. చిన్న చిన్న సున్నాలు చుడుతూ జరపాలి. వెంట్రుకలు రకరకాల దిక్కుల్లో ఉన్నా, రెండు రోజుల గడ్డమైనా కాస్త సర్దుకుంటుంది. చెవి ముందు గీత తిన్నగా రావాలంటే ఫాయిలే నయం. ఫాయిల్ షేవర్‌ను సున్నాలు చుట్టడం, గుండ్రటిదాన్ని నిలువు గీతలుగా లాగడం... సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి.

రెండింటిలోనూ వెంట్రుక ముందు చిల్లులోకి దూరాలి, అప్పుడే తెగుతుంది. గొంతు మీద వెంట్రుకలు చర్మాన్ని అంటిపెట్టుకుని పడుకుని ఉంటాయి. మూడు రోజులు పెరిగితే ఎక్కడైనా ఒరిగిపోతాయి. అవి దూరవు కాబట్టి మీరు మళ్లీ మళ్లీ తిప్పుతారు, నొక్కుతారు, రేకు వేడెక్కి చర్మం కందిపోతుంది. పని ఇలా చేసి చూడండి. పెరిగిన గడ్డమైతే ముందు ట్రిమ్మర్ నడపండి. మంట పుట్టే గొంతును మొదట గీయండి, అప్పటికి షేవర్ చల్లగా ఉంటుంది. తల ఎత్తి చర్మాన్ని రెండో చేత్తో కిందికి లాగి, వాలుకు ఎదురుగా మెల్లగా ఒకసారి, కొద్దిగా కోణం మార్చి ఇంకోసారి. అంతే, మూడోసారి వద్దు.

ముఖం పూర్తిగా పొడిగా ఉండాలి. అమెరికా ఆవిష్కర్త జేకబ్ షిక్ 1931లో ఎలక్ట్రిక్ షేవర్‌ను అమ్మకానికి తెచ్చింది నీళ్లు, నురగ లేకుండా గీసుకోవడానికే. చెమటో, తడో ఉంటే తల జారకుండా చర్మాన్ని పట్టుకుంటుంది. అందుకని బ్లేడు వాడేవారు స్నానం తర్వాత, షేవర్ వాడేవారు స్నానానికి ముందు. తడిలో కూడా వాడవచ్చని రాసి ఉన్న రకమైతే జెల్‌తో వాడి చూడండి, మంట తగ్గుతుంది. కొత్త షేవర్‌కు చర్మం అలవాటుపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఒకరోజు బ్లేడు, ఒకరోజు షేవర్ అంటూ మార్చకండి.

శుభ్రం చేసేటప్పుడు తల విప్పి కత్తిని బ్రష్‌తో దులపండి. ఫాయిల్ రేకును మాత్రం బ్రష్‌తో రుద్దకూడదు, అది కాగితంలా చిరుగుతుంది. కడిగే రకమైతే ఆరిన తర్వాత వారానికోసారి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రేకు మీద వేసి కొన్ని సెకన్లు ఆడించండి. నెలకోసారి రేకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. చిల్లులన్నీ ఒకే తీరుగా కనిపించాలి. ఒక్కచోట చిరుగు కనిపించినా ఆ క్షణం నుంచే వాడకం ఆపేయాలి.

ప్రశ్న: ఒక బ్లేడు ఎన్నిసార్లు వాడవచ్చు? జీన్స్ గుడ్డ మీద రుద్దితే పదును వస్తుందంటారు, నిజమేనా?

సేఫ్టీ రేజర్ బ్లేడు నాలుగు నుంచి ఆరుసార్లు, కార్ట్రిడ్జ్ ఐదు నుంచి పదిసార్లు, వాడి పారేసేది మూడు నుంచి ఐదుసార్లు. గడ్డం మందాన్ని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. అంకె కన్నా చెయ్యి చెప్పేదే నమ్మండి. వెంట్రుక తెగుతున్నట్టు కాకుండా పీకినట్టు అనిపించినా, నిన్న ఒక్క గీతతో అయినచోట ఇవాళ మూడు గీతలు పడుతున్నా దాని పని అయిపోయినట్టే. కార్ట్రిడ్జ్ పైన ఉండే జారుడు పట్టీ రంగు వెలిసిందంటే ఆ పట్టీలోని పదార్థం అరిగిందని అర్థం. బ్లేడు మొద్దుబారడానికి అది కచ్చితమైన గుర్తు కాదు.

వెంట్రుక కన్నా ఉక్కు 50 రెట్లు గట్టిది. అయినా బ్లేడు ఎందుకు పోతుంది? అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అంచు మెల్లమెల్లగా అరిగిపోవడం కన్నా, సూక్ష్మమైన ముక్కలు పెచ్చులుగా ఊడిపోవడమే వారికి కనిపించింది. వెంట్రుక ఏటవాలుగా తగిలి వంగినప్పుడు, ఉక్కు అల్లిక ఒకే తీరుగా లేని బలహీనమైన చోట ఆ పెచ్చు లేస్తుంది. ఊడిపోయిన ముక్కను జీన్స్ గుడ్డ తిరిగి తేలేదు. గుడ్డ మీద రుద్దితే అంటుకున్న జిడ్డు వదిలి కాస్త మెరుగనిపించవచ్చు, అంతకుమించి ఆశించకండి. పనికొచ్చేది గడ్డాన్ని బాగా నానబెట్టడమే.

గీసుకున్నాక రేజర్‌ను కడిగి, గట్టిగా విదిలించి, తడి తగలని చోట నిలబెట్టండి. తువ్వాలుతో అంచును తుడిచారంటే మిగిలిన పదునూ పోతుంది. స్టెయిన్‌లెస్ కాని కార్బన్ ఉక్కు బ్లేడయితే తడిగా వదిలేస్తే తెల్లారేసరికే తుప్పు మరకలు కనిపించవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి చేతులు వణుకుతాయి. రక్తం పలచబడే మందు కూడా వాడుతున్నారు. ఇకపై నేనే గడ్డం గీయాలి. ఏ రేజర్ వాడాలి?

ఎలక్ట్రిక్ షేవర్, అందులోనూ ఫాయిల్ రకం. ఆ మందులు వాడేవారికి చిన్న గాటు పడినా రక్తం ఆగడం ఆలస్యమవుతుంది కాబట్టి బ్లేడు పక్కన పెట్టండి. ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టండి, మంచం మీదైతే తలవైపు ఎత్తు చేయండి. కట్టుడు పళ్లుంటే పెట్టుకోమనండి, చెంపలు గుంట పడకుండా ఉంటాయి. పెద్దవారి చర్మం వదులుగా ముడతలు పడి ఉంటుంది, ముడత చిల్లుల మధ్య నలగవచ్చు. రెండు వేళ్లతో ముడతను విప్పి పట్టుకుని, అలా విప్పినంత మేరే గీసి, పక్కకు జరగండి. రోజు విడిచి రోజు గీస్తే చాలు, అంతకన్నా పెరగనిస్తే షేవర్ లాగుతుంది. ఆయన ఆక్సిజన్ మీద ఉంటే, ఆక్సిజన్ నడుస్తుండగా ఎలక్ట్రిక్ షేవర్ దగ్గరికి తేవద్దు. నిప్పురవ్వ ప్రమాదం ఉంది. కాసేపు ఆపవచ్చో లేదో వైద్యులనే అడగాలి, మనంతట మనం ఆపకూడదు.

ప్రశ్న: స్త్రీల రేజర్ పేరుతో అమ్మేదానికీ మగవాళ్ల రేజర్‌కూ నిజంగా తేడా ఉందా? కాళ్లకు, చంకలకు ఏది వీలు? గీస్తే వెంట్రుకలు దట్టంగా వస్తాయని భయం.

బ్లేడు ఉక్కులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తల ఆకారంలో, పిడిలో ఉంటుంది. స్త్రీలకని చేసేవాటిలో తల వెడల్పుగా, మూలలు గుండ్రంగా, చుట్టూ సబ్బు పట్టీతో వస్తుంది. తడి చేత్తో, కంటికి కనిపించని చోట తడుముకుంటూ గీయడానికి లావు పిడి పెడతారు. మీ ఇంట్లో మగవాళ్లు వాడే రకం కార్ట్రిడ్జ్ కొత్తది తెచ్చుకున్నా కాళ్లకు బాగానే పనిచేస్తుంది. ఒంటిబ్లేడు సేఫ్టీ రేజర్ కూడా పనికొస్తుంది, పిడి పొడవైనది చూసుకోండి. కాళ్ల మీద పిక్కల్లాంటి చోట్ల అది హాయిగా సాగుతుంది. చీలమండ, మోకాలి ఎముక దగ్గర మాత్రం కార్ట్రిడ్జే సుఖం.

మోకాలి దగ్గర కాలు కొద్దిగా వంచితే ముడతలు విప్పుకుంటాయి. చీలమండ దగ్గర పాదాన్ని ముందుకు చాపండి. కాళ్ల మీద మొదట కిందికి గీసి, చర్మం ఊరుకుంటేనే రెండో విడత పైకి గీయండి. చంకలో వెంట్రుకలు మూడు నాలుగు దిక్కుల్లో పెరుగుతాయి. చెయ్యి తల మీదికి ఎత్తి చర్మం గుంట లేకుండా చేసి, కిందికి, పైకి, పక్కకు పొట్టి గీతలు వేయాలి. రాత్రి గీసుకుని డియోడరెంట్ మర్నాడు వాడితే చుర్రుమనదు.

దట్టంగా వస్తాయన్న భయం వదిలేయండి. వెంట్రుక మందం, రంగు, పెరుగుదల చర్మం లోపలి కుదుళ్లలో తేలే విషయాలు, పైన కోసినందువల్ల మారవు. సహజంగా సన్నగా తేలే కొస తెగిపోయి మొండి అంచు మిగులుతుంది, అదే ముట్టుకుంటే ముతకగా అనిపిస్తుంది.

ప్రశ్న: మంగలి కత్తితో ఇంట్లోనే గీసుకోవాలని సరదా. సాధ్యమేనా?

సాధ్యమే గానీ సౌకర్యం అని మాత్రం అనలేం. అసలు కత్తిని ప్రతిసారీ వాడే ముందు తోలు పట్టీ మీద 30 నుంచి 50 సార్లు తిప్పాలి. కత్తి వీపు ముందు, అంచు వెనక ఉండేలా లాగాలి. తిరగేసేటప్పుడు వీపు మీదుగానే తిప్పాలి, లేదంటే తోలు తెగుతుంది, అంచు పోతుంది. కొన్ని నెలలకోసారి సానరాళ్ల మీద పట్టించాలి. ఒక్కోసారి ఇరవై నిమిషాల పని. సగం బ్లేడు దూర్చి వాడే కత్తిలో ఈ సాన బాధ లేదు. కానీ అది తేలిక, అంచు ఇంకా కరుకు, చెయ్యి కాస్త తడబడినా క్షమించదు. పెంచిన గడ్డానికి అంచులు తీర్చుకోవడానికి అది చాలా బాగుంటుంది. రోజువారీ గీతకు సేఫ్టీ రేజర్ చాలు.

ప్రశ్న: విమాన ప్రయాణంలో ఏ రేజర్ చేతిసంచిలో పెట్టుకోవచ్చు?

చాలాచోట్ల కార్ట్రిడ్జ్, వాడి పారేసే రేజర్, ఎలక్ట్రిక్ షేవర్ ఒప్పుకుంటారు. విడి బ్లేడ్లు, మంగలి కత్తి ఒప్పుకోరు. సేఫ్టీ రేజర్‌ను బ్లేడు తీసేసి తీసుకెళ్లవచ్చని కొన్ని దేశాల నిబంధన. బ్లేడ్లను లగేజీలో వేయండి. ఎలక్ట్రిక్ షేవర్ మీటను లాక్ చేసుకోండి, లేకపోతే సంచిలోనే ఆన్ అయి ఛార్జింగ్ మొత్తం దిగిపోతుంది. బయల్దేరే ముందు మీ విమాన సంస్థ నిబంధన ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నేనూ, మా అబ్బాయీ ఒకే రేజర్ వాడుకోవచ్చా? వేడినీళ్లలో కడుగుతాం.

వద్దు. కంటికి కనిపించనంత రక్తం చాలు, హెపటైటిస్ బి, సి ఒకరి నుంచి ఒకరికి రావడానికి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. కుళాయి వేడినీళ్లు దాన్ని చంపలేవు. షేవర్ కూడా ఎవరిది వారికే ఉండాలి.

ప్రశ్న: వాడేసిన బ్లేడ్లు ఎలా పారేయాలి? కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తున్నాం.

కాగితం చాలదు, చెత్త ఎత్తేవారి చేతులు తెగుతాయి. ఒక చిన్న రేకు డబ్బా తీసుకుని, మూతకు బ్లేడు దూరేంత సన్నటి చీలిక పెట్టి, మూతను టేపుతో గట్టిగా బిగించండి. ఒక బ్లేడు సుమారు 43 మిల్లీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి చీలిక 25 మిల్లీమీటర్లుంటే పొట్టి అంచు ముందుగా తేలిగ్గా జారుతుంది. బ్లేడు అంత పలచన కాబట్టి మామూలు డబ్బా నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను కూడా టేపుతో మూసి, పైన పెద్ద అక్షరాలతో బ్లేడ్లు అని రాసి, ఇనుప తుక్కు తీసుకునేవారికి చెప్పి మరీ ఇవ్వండి. కార్ట్రిడ్జ్ తలల్లో ప్లాస్టిక్, ఉక్కు కలిసిపోయి ఉంటాయి, వాటిని ఈ డబ్బాలో కలపవద్దు. పాత ప్లాస్టిక్ మూత తొడిగి విడిగా పారేయండి.